జపాన్‌లో హోస్ట్ కుటుంబంతో ఉంటూ వాళ్ళు రోజూ తినే తిండి తెలుసుకోవడం ఎలా?

కావలి నుంచి మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. కాలేజీ తరఫున కొన్ని నెలలు జపాన్‌లోని కగవా ప్రాంతంలో ఒక కుటుంబంతో ఉండబోతున్నారు. వీడియోలు ఎన్ని చూసినా సుషి, రామెన్ తప్ప మామూలు ఇళ్ళలో మామూలు రోజున ఏం వండుకుంటారో తెలియడం లేదు. చేప, గుడ్డు, కోడి తింటారు. గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టరు. ‘వాళ్ళు తినేదే నాకూ పెట్టమని ఎలా అడగాలి, అడిగితే ఏమైనా అనుకుంటారా?’ అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను: తిండి అడగకండి, పని అడగండి. కూరగాయలు కడుగుతాననండి, గిన్నెలు తుడుస్తాననండి, సాయంత్రం సరుకులకు తోడు వస్తాననండి. కొద్ది రోజుల్లోనే వాళ్ళ రోజువారీ తిండి దానంతట అదే మీ ముందుకు వస్తుంది. బల్ల దగ్గర అతిథిగా కూర్చున్నంత కాలం అతిథి భోజనమే వస్తుంది. నేను చదువుకునే రోజుల్లో అదే కగవాలో ఒక ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు నెల్లూరులో జపనీస్ భాష నేర్పుతూ అటు వెళ్ళేవాళ్ళను సిద్ధం చేస్తుంటాను. కింద రాసేది నేను చూసినదీ, నా విద్యార్థులు తిరిగి వచ్చి చెప్పినదీ.

అతిథి భోజనమే ఎందుకు వస్తుందో మన ఇళ్ళను చూస్తే తెలుస్తుంది. దూరపు చుట్టం వస్తే ఆ పూట పప్పు, పచ్చడితో సరిపెట్టం కదా. నాటుకోడి కోస్తాం, మంచి చేప తెచ్చి పులుసు పెడతాం. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు పోసుకుని ఉల్లిపాయ నంజుకుంటామన్న సంగతి ఆ చుట్టానికి ఎప్పటికీ తెలియదు. అక్కడా అదే జరుగుతుంది. మొదటి వారం మీకోసం ఇంట్లోనే సుషి చుట్టుకునే ఏర్పాటు చేస్తారు, లేదా హోటలుకు తీసుకెళ్తారు. భారతదేశం నుంచి వచ్చారు కాబట్టి కూర ఇష్టమై ఉంటుందని కొందరు కూర వండుతారు. అదంతా ప్రేమతో చేసేదే. సంతోషంగా తినండి, కానీ వాళ్ళ రోజువారీ భోజనం అదేనని అనుకోకండి.

‘నానికా తెత్సుదైమషో కా’ అని నేర్చుకుని వెళ్ళండి. ఏమైనా సాయం చేయనా అని అర్థం. మొదటిసారి అక్కర్లేదంటారు, అది మర్యాద. మర్నాడు ఫలానా పని నేను చేస్తానని అడగండి. అన్నిటికంటే సులువుగా దొరికేది బియ్యం కడిగే పని. అక్కడ రాత్రే బియ్యం కడిగి కుక్కర్లో నీళ్ళు పోసి, తెల్లవారేసరికి ఉడికేలా సమయం పెట్టి పడుకుంటారు. ఆ పని మీ చేతికి వచ్చిందంటే మీరు వంటింటి మనిషి అయిపోయినట్టే. మన మొలకొలుకులు వండినట్టు పొడిపొడిగా రావాలని చూడకండి. అక్కడి బియ్యం పొట్టి గింజ, ఉడికాక కాస్త అంటుకుంటుంది. పుల్లలతో తినేవాళ్ళకు అదే వీలు.

ఇక ఉదయం పూట. సెలవు రోజుల్లో ఆలస్యంగా లేచే అలవాటుంటే ఆ కొద్ది నెలలు దాన్ని పక్కన పెట్టండి. రాత్రి భోజనానికి కాస్త హంగు ఉంటుంది గాని, పొద్దున బల్ల మీదకు ఇంట్లో ఉన్నదే వస్తుంది. అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపిన సూప్, ఉప్పు పట్టించి కాల్చిన చేప ముక్క, ఊరగాయ, రాత్రి మిగిలిన కూర. కొన్ని ఇళ్ళలో వేడి అన్నం మీద పచ్చి గుడ్డు కొట్టి సోయా సాస్ చుక్క వేసుకుంటారు. మీకు భయం వేయవచ్చు. అక్కడ గుడ్ల పెట్టె మీద ముద్రించే తేదీ పచ్చిగా తినడానికి లెక్కగట్టినదే, కాబట్టి ఆ తేదీ లోపల భయం లేదు. అయినా వద్దనిపిస్తే వద్దని చెప్పేయండి, ఎవరూ బలవంతపెట్టరు.

మీరు వెళ్ళే ఇంట్లో పొద్దున బ్రెడ్డే తింటుంటే నిరాశ పడకండి. అన్నం, మిసో సూప్‌తో మొదలయ్యే ఉదయాలు చాలా ఇళ్ళలో తగ్గిపోయాయి. మందంగా కోసిన తెల్ల బ్రెడ్డు కాల్చి, వెన్న రాసి, కాఫీతో ముగించి ఆఫీసుకు పరుగెత్తే కుటుంబాలు ఎన్నో. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆమె ఏం తింటున్నారో చూడండి. తరచుగా పెద్దావిడ పళ్ళెం వేరుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, రుచి ఎక్కడి నుంచి వస్తుందన్నది. మన వంటకు పోపు, మసాలా ఎలాగో అక్కడి వంటకు ‘దాషి’ అనే రసం అలాగ. ఎక్కువ చోట్ల కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పలచగా చిత్రిక పట్టిన కత్సుఓ చేపతో దాన్ని తీస్తారు. కగవాలో మాత్రం ఎండు నెత్తళ్ళు. అవును, నెత్తళ్ళే. అక్కడ ‘ఇరికో’ అంటారు. కగవా తీరానికి ఎదురుగా ఉన్న ఇబుకి దీవి దానికి పేరున్న చోటు. పట్టిన వెంటనే ఉడకబెట్టి ఎండబెడతారు. తలా, పొట్టా గిల్లి పారేసి నీళ్ళలో నానబెట్టి మరగనిస్తే ఆ ఇంటి సూప్‌కు, ఊడాన్ అనే లావు సేమ్యాకు, దుంపల కూరకు పునాది తయారు. జువ్వలదిన్నె, మైపాడు వైపు ఎండు చేపల వాసన మధ్య పెరిగిన మనవాళ్ళకు ఆ వంటిల్లు పరాయిగా అనిపించదు. తలలు గిల్లే పని మీకివ్వమనండి. చేతులు ఆడుతుంటే మాటలూ సాగుతాయి.

ఇది శాకాహారులు గట్టిగా గుర్తుంచుకోవాలి. మీకు కాకపోయినా ఇది చదివే మరొకరికి పనికొస్తుంది. చేప కనబడని వంటలోనూ చేప రసం ఉంటుంది. పాలకూర మీద, సోయా పాలను గడ్డకట్టించిన టోఫు మీద, వంకాయ మీద, అన్నిటా. చేప పూర్తిగా మానినవారు ముందే కుటుంబానికి చెప్పి, కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో తీసే రసం వాడమని కోరాలి. బౌద్ధ ఆలయాల వంటలో అవే వాడతారు కాబట్టి ఆ కోరిక వాళ్ళకు కొత్తేమీ కాదు.

మీ సంగతికి వస్తే, గొడ్డు మాంసం విషయంలో ఒక చిక్కుంది. జపాన్ పడమటి భాగంలో ఊరికే ‘నికు’ (మాంసం) అంటే సాధారణంగా గొడ్డు మాంసమే. కగవా ఆ వైపే. దుంపలతో చేసే నికుజాగ అనే కూరలో తూర్పున పంది మాంసం వేస్తే, పడమట గొడ్డు మాంసం వేస్తారు. కూర చేయడానికి కొట్లో అమ్మే గట్టి ముద్దల్లో చాలా రకాలకు గొడ్డు కొవ్వో పంది కొవ్వో కలుస్తుంది. కోడి ముక్కలు వేసి వండినా ఆ ముద్ద వల్ల మీ నియమం తప్పుతుంది. అందుకని వెళ్ళకముందు నింపే పత్రంలో ‘మాంసం తినను’ అని పొడిగా రాయకండి. గ్యూనికు (గొడ్డు మాంసం) వద్దు, బుతానికు (పంది మాంసం) వద్దు, తోరినికు (కోడి మాంసం) ఫర్వాలేదు, చేప ఇష్టం, గొడ్డు కొవ్వు, పంది కొవ్వు కూడా వద్దు అని విడివిడిగా రాయండి. కొవ్వు పట్టింపు లేకపోతే అదీ రాయండి, వాళ్ళకు వంట తేలికవుతుంది. నా విద్యార్థుల్లో ముస్లిం పిల్లలకు మరో మాట కూడా చెబుతాను: మిరిన్, సాకే అనే మద్యాలు కూరల్లో చెంచాల లెక్కన వేస్తారు, సోయా సాస్‌లో కూడా కొన్నిటికి మద్యసారం కలుపుతారు. ఎక్కడి వరకు పాటించాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకుని, వెళ్ళేలోపే స్పష్టంగా చెప్పడం మంచిది.

సాయంత్రం సరుకులకు వెళ్ళడం గురించి. సూపర్ మార్కెట్‌లో వండిన కూరలు అమ్మే వరుస ఒకటుంటుంది. ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళు అక్కడ ఏం ఎత్తుకుంటున్నారో చూడండి. నువ్వుల పొడి కలిపిన పాలకూర, తీపిగా ఉడికించిన గుమ్మడి, తామర దుంప వేపుడు, కాల్చిన సబా చేప, బంగాళాదుంప కొరొక్కే (నూనెలో వేయించిన ముద్ద). ఆ ఊరి రాత్రి భోజనాల పట్టిక అది. కొట్టు మూసే వేళ దగ్గరపడుతుంటే వాటి మీద సగం ధర చీటీలు అంటిస్తారు, రుచి చూడటానికి అది మంచి అదను. వారాంతంలో వీలైతే ‘మిచి నో ఎకి’ అనే రోడ్డు పక్క విశ్రాంతి కేంద్రాలకు తీసుకెళ్ళమనండి. 1993లో మొదలైన ఏర్పాటు ఇది. చుట్టుపక్కల రైతులు తెచ్చిన కూరగాయలు అక్కడ నేరుగా అమ్ముతారు, చాలాచోట్ల కట్ట మీద పండించినవారి పేరు కూడా ఉంటుంది. ముల్లంగి, చేమదుంప, బెండకాయ, వంకాయ అన్నీ మనకు తెలిసినవే. వాటితో వాళ్ళు చేసేది మాత్రం మనకు తెలియదు. ఒకటి ఎత్తి చూపి ఇది ఇంట్లో ఎలా వండుతారని అడిగితే, ఆ వారమే అది మీ పళ్ళెంలోకి వస్తుంది.

ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. బళ్ళలో మధ్యాహ్న భోజనం పెడతారు, దాని నెల పట్టిక ఇంటికి పంపుతారు. సాధారణంగా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. ఏ రోజు ఏ వంట, అందులో ఏమేం వేశారు అన్నీ రాస్తారు. భాష నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి వాచకం నేనెరుగను.

కగవాకే ప్రత్యేకమైనవి చెప్పకుండా ముగించలేను, మీరు వెళ్ళే చోటు అదే కాబట్టి. విస్తీర్ణంలో జపాన్‌లో అన్నిటికంటే చిన్న పాలనా ప్రాంతం అది. వాన తక్కువ, పెద్ద నదులు లేవు. అందుకే వేల చెరువులు తవ్వుకున్నారు. వాటిలో పెద్దదైన మన్నో చెరువును 821లో కూకై అనే బౌద్ధ సన్యాసి మరమ్మతు చేయించాడు. వరి కోసిన పొలంలో గోధుమ వేశారు, దీవుల మధ్య ఉన్న సెతో సముద్రం ఒడ్డున ఉప్పు పండించారు, ఇబుకి నుంచి నెత్తళ్ళు, షోడో దీవి నుంచి సోయా సాస్ వచ్చాయి. ఇవన్నీ కలిస్తే ఊడాన్. లావు గోధుమ సేమ్యా, నెత్తళ్ళ రసం. ఇప్పుడు ఆ పిండికి ఎక్కువ భాగం గోధుమ ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. సొంత గోధుమ ఉండాలన్న పట్టుదలతో ‘సానుకి నో యుమె 2000’ అనే రకాన్ని అక్కడే తయారు చేసుకున్నారు.

ఊడాన్ కొట్లు కొన్ని పొద్దున్నే తెరుస్తాయి, సేమ్యా అయిపోగానే మధ్యాహ్నానికే మూసేస్తాయి. చాలా కొట్లలో గిన్నె మనమే పట్టుకుని, సేమ్యాను వేడి నీళ్ళలో మనమే ముంచి, రసం మనమే పోసుకోవాలి. వరుసలో ముందున్నవారిని చూసి చేస్తే చాలు. గొడ్డు మాంసం వద్దు కాబట్టి ‘నికు ఊడాన్’ జోలికి పోకండి. ఉత్త ఊడాన్, పైన పచ్చి ఉల్లికాడ తరుగు, అల్లం, కావాలంటే చేప గొట్టాల బజ్జీ. జూలై 2 దాటి అక్కడే ఉంటే ఆ రోజు ఊడాన్ తప్పక తినండి. వరి నాట్లు ముగిశాక అందరూ కూర్చుని ఊడాన్ తినే పాత ఆనవాయితీని బట్టి ఆ రోజును ఊడాన్ రోజుగా పెట్టుకున్నారు.

ఇళ్ళలో వండుకునేవి ఇంకా ఉన్నాయి. ‘మన్బా నో కెంచన్’ అని, ఆవ జాతి ఆకుకూరను ఉడికించి చేదు తీసి టోఫుతో వేయిస్తారు. చలికాలపు వంట. ‘షోయు మామె’ అని, పెద్ద చిక్కుడు గింజలను వేయించి సోయా సాస్, చక్కెర కలిపిన నీళ్ళలో నానబెడతారు. కొత్త సంవత్సరం దాకా ఉంటే అక్కడి ‘ఒజోని’ తప్పకుండా రుచి చూడాలి. తెల్లని తియ్యటి మిసో రసంలో, లోపల తీపి చిక్కుడు ముద్ద పెట్టిన బియ్యపు ఉండ. మిగతా జపాన్‌వాళ్ళే విని ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ తీపీ ఉప్పూ కలిసిన రుచి చాలా నచ్చింది.

ఊరగాయల గురించి ఒక మాట. తవుడును మనం పశువులకు పెడతాం. అక్కడ తవుడులో ఉప్పు, నీళ్ళు కలిపి పులియబెట్టి, అందులో దోసకాయ, వంకాయ, ముల్లంగి పాతిపెట్టి ‘నుకజుకె’ చేస్తారు. ఆ తవుడును రోజూ చేత్తో అడుగు దాకా కలపాలి, లేకపోతే పాడవుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే, ఊరుకు వెళ్ళిన రోజుల్లో కలిపే పని మీకు అప్పగిస్తారేమో చూడండి. అది పెద్ద నమ్మకం. ఉమె అనే పుల్లటి కాయలను జూన్‌లో ఉప్పులో వేసి, వానలు వెళ్ళాక ఎండబెట్టి ‘ఉమెబోషి’ చేస్తారు. మాగాయ ఎండబెట్టే ఇంట్లో పెరిగినవారికి ఆ పని చూడగానే ఒళ్ళు పులకరిస్తుంది. జ్వరం వస్తే జావలా ఉడికించిన అన్నంలో ఒక ఉమెబోషి వేసి పెడతారు.

నా విద్యార్థుల సంగతులు రెండు చెబుతాను.

ఒక అబ్బాయిది కోవూరు వైపు, రొయ్యల చెరువులున్న కుటుంబం. కగవాలోనే ఉన్నాడు. 1928లో హమాచి చేపను చెరువు కట్టి పెంచడంలో మొదట విజయం సాధించింది ఆ ప్రాంతపు హికెత ఊరే కాబట్టి, ఆ ఇంటి పెద్దాయనకూ ఇతనికీ చెరువుల మీద మాటలు కుదిరాయి. ఒకరోజు కొట్లో చేప తలలు, ముళ్ళున్న ముక్కలు తక్కువ ధరకు విడిగా పెట్టి ఉంటే, మా పులుసులో తలకాయే గొప్ప అని ఇతను చెప్పాడట. విదేశీయులకు ముళ్ళు పడవని అప్పటిదాకా ఆ ఇంటావిడ ఎముక లేని ముక్కలే పెడుతూ వచ్చారు. ఆ రాత్రి తలకాయను సోయా సాస్‌లో అల్లంతో ఉడికించి పెట్టారు. అక్కడి నుంచి ఆ ఇంటి అసలు వంట మొదలైంది. మీరు తినగలిగేది ఏమిటో వాళ్ళకు తెలియకపోవడమే చాలాసార్లు అడ్డు. వచ్చీరాని భాషలోనైనా చెప్పేయాలి.

ఇంకో అమ్మాయి ఒంగోలు నుంచి వెళ్ళింది. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఫ్రీజర్‌లోని ముడత కజ్జికాయలు (గ్యోజా), ప్యాకెట్ మసాలాతో మాబో టోఫు (కారంగా వండే టోఫు కూర), చేప గుడ్లు కలిపిన స్పగెట్టి, ఆదివారం బయటి భోజనం. సంప్రదాయ వంట ఏదీ చూడలేదని ఆమె నాకు బాధగా రాసింది. నేను ఒప్పుకోలేదు. ఆమె చూసినదే ఈనాటి జపాన్ ఇంటి తిండి. పండగ వంటల గురించి, 2013లో యునెస్కో జాబితాలో చేర్చిన ‘వాషొకు’ (జపాన్ సంప్రదాయ భోజనం) గురించి పుస్తకాల్లోనూ చదువుకోవచ్చు. పనినుంచి అలసి వచ్చిన తల్లి అరగంటలో పిల్లలకు ఏం పెడుతుందో ఆ ఇంట్లో ఉంటేనే తెలుస్తుంది. ఫ్రీజర్ గ్యోజాను పెనం మీద అడుగు కరకరలాడేలా కాల్చడం ఆమె అక్కడే నేర్చుకుంది, ఇప్పుడు ఒంగోలులో ఇంట్లోవాళ్ళకు చేసి పెడుతోంది.

బల్ల దగ్గర మనవాళ్ళకు పనికొచ్చే సంగతులు కొన్ని. అన్నంలో సూప్ పోసి కలపకండి. పప్పు, చారు కలుపుకునే చెయ్యి మనది, అక్కడ అన్నం తెల్లగా ఉంచి ఒక ముద్ద అన్నం, ఒక గుక్క సూప్‌గా తింటారు. తినే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించకూడదు, రెండూ చావు కర్మలకు చెందినవి. గిన్నెలో మెతుకు మిగల్చకండి. మనలా కొసరి కొసరి వడ్డించరు. ఒకసారి అడుగుతారు, వద్దంటే వద్దనే తీసుకుంటారు. మొహమాటపడి ఆకలితో లేవకండి, ‘ఒకావరి’ అని గిన్నె చాచండి. వండినవారికి అదే సంతోషం. పెరుగన్నం లేకుండా ఉండలేకపోతే కొట్లో చక్కెర లేని పెరుగు దొరుకుతుంది, మీ డబ్బుతో కొనుక్కుని, ఇది మా ఊరి అలవాటని చెప్పి తినండి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్ళాలో కూడా చెబుతాను, ఎందుకంటే మీరు వాళ్ళకు వండి పెట్టే రోజు తప్పకుండా వస్తుంది. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలు పెట్టుకోకండి, మాంసం వస్తువులను జపాన్ రానివ్వదు. పచ్చి కాయలు, పచ్చి ఆకులకు మొక్కల తనిఖీ పత్రం కావాలి, కాబట్టి పచ్చి మామిడి, కరివేపాకు కట్ట సంచిలో వేసుకోవద్దు. చింతపండు పెద్ద నగరాల్లోని భారతీయ సరుకుల కొట్లలో దొరుకుతుంది. చేపకు కొదవే లేదు. పులుసు పెట్టేటప్పుడు కారం మన లెక్కలో సగం కంటే తక్కువ వేయండి, మీ గిన్నెలోకి విడిగా కలుపుకోండి. ముందురోజు రాత్రి వండి మర్నాడు పెట్టండి. రెండో రోజు పులుసు రుచి వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు, తమ కూరనూ వాళ్ళు రెండో రోజే ఎక్కువ ఇష్టంగా తింటారు.